ఒహాయో - మిషిగన్: నవంబర్ ఆఖరి శనివారం జరిగే ఆ ఒక్క మ్యాచ్ విలువ ఎంత?

2024 నవంబర్ 30న అమెరికాలోని కొలంబస్‌లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు సొంత మైదానంలో మిషిగన్ యూనివర్సిటీ చేతిలో 13-10తో ఓడిపోయింది. అప్పటికి ఒహాయో స్టేట్ ఆడిన 11 మ్యాచ్‌లలో 10 గెలిచి, దేశంలో రెండో ర్యాంకులో ఉంది. మిషిగన్ గెలిచినవి 6, ఓడినవి 5. దానికి ర్యాంకే లేదు. ఇంకా 45 సెకన్లు ఉందనగా మిషిగన్ కిక్కర్ డొమినిక్ జ్వాడా 21 గజాల నుంచి కొట్టిన ఫీల్డ్ గోల్‌తో ఫలితం తేలిపోయింది. ఆట అయిపోగానే మిషిగన్ ఆటగాళ్లు మైదానం నడిమధ్య తమ జెండా పాతబోయారు. ఒహాయో వాళ్లు అడ్డుపడ్డారు. తోపులాట కాస్తా కొట్లాట అయింది, పోలీసులు పెప్పర్ స్ప్రే కొట్టాల్సి వచ్చింది. రెండు యూనివర్సిటీలకూ చెరో లక్ష డాలర్ల జరిమానా పడింది. ఒహాయో స్టేట్ కోచ్ రయన్ డేను తీసేయాలని సొంత అభిమానులే గోల పెట్టారు.

51 రోజులు గడిచాయి. 2025 జనవరి 20న అదే కోచ్, అదే జట్టు నోటర్ డామ్ యూనివర్సిటీ జట్టును 34-23తో ఓడించి దేశానికే ఛాంపియన్లయ్యారు.

ర్యాంకు లేని జట్టు చేతిలో ఓడినవాళ్లు దేశ ఛాంపియన్లు ఎలా అయ్యారు? అయ్యాక కూడా ఆ 13-10 కొలంబస్ జనాన్ని ఎందుకు కలుక్కుమనిపిస్తూనే ఉంది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతకాలంటే పాత పగల కంటే ముందు నిబంధనలు చూడాలి. ఈ మ్యాచ్‌ను ఇంత పెద్దది చేసింది చాలావరకు నిబంధనలే. ఇప్పుడు దాన్ని కదుపుతున్నవీ అవే.

కొలంబస్ చుట్టుపక్కల డబ్లిన్, పావెల్ లాంటి ఊళ్లలో, డెట్రాయిట్ శివార్లలోని ట్రాయ్, నోవై, కాంటన్‌లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ల పిల్లల్లో ఎంతోమంది చదివేది ఈ రెండు యూనివర్సిటీల్లోనే. ఇక్కడ ఉన్న తాతయ్యకో అమ్మమ్మకో మనవడు ఫోన్‌లో “ఈ శనివారం మాట్లాడను, గేమ్ ఉంది” అంటే, దాని వెనక ఉన్న సంగతి ఇది.

ఇది ఏ ఫుట్‌బాల్, ఎవరి జట్లు

ఇది గుండ్రటి బంతిని కాలితో తన్నే ఆట కాదు. రెండు వైపులా మొనదేరిన బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతూ, విసురుతూ అవతలివాళ్ల గీత దాటించాలి. ఒక్కో వైపు 11 మంది. 10 గజాలు ముందుకు వెళ్లడానికి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. సాధిస్తే అది ఫస్ట్ డౌన్, మళ్లీ నాలుగు ప్రయత్నాలు వస్తాయి. గీత దాటితే టచ్‌డౌన్, 6 పాయింట్లు, దాని మీద అదనంగా ఒకటో రెండో తెచ్చుకోవచ్చు. గోల్ స్తంభాల మధ్య నుంచి తన్నితే ఫీల్డ్ గోల్, 3 పాయింట్లు. ఈ వ్యాసానికి ఇంతవరకు తెలిస్తే చాలు.

స్టేట్ యూనివర్సిటీ అంటే రాష్ట్రం స్థాపించి, నిధులిచ్చి నడిపే ప్రభుత్వ విశ్వవిద్యాలయం. మిషిగన్ యూనివర్సిటీ 1817లో డెట్రాయిట్‌లో పుట్టి 1837లో ఆన్ ఆర్బర్‌కు మారింది. ఒహాయో స్టేట్ 1870లో వ్యవసాయ, యాంత్రిక విద్యల కళాశాలగా మొదలైంది. రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు 300 కిలోమీటర్లు, కారులో మూడు గంటల పైచిలుకు.

కాలేజీ జట్ల ఆటకు లక్ష మంది రావడమేమిటని మనకు ఆశ్చర్యం వేస్తుంది. ఆన్ ఆర్బర్ స్టేడియంలో 1,07,601 మంది పడతారు, కొలంబస్ స్టేడియంలో 1,02,780 మంది. అమెరికాలో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఉన్నవి 32 జట్లే. హైస్కూలు అయ్యాక కనీసం మూడేళ్లు గడిస్తేగానీ కుర్రవాణ్ని అందులోకి తీసుకోరు. ఆ మూడేళ్లూ ఆడే చోటు కాలేజీ. పైగా కొలంబస్‌కు సొంత ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు లేదు. ఆ ఊరివాళ్ల అభిమానమంతా యూనివర్సిటీ జట్టు మీదే.

ఇక కాన్ఫరెన్స్. పక్కపక్క రాష్ట్రాల యూనివర్సిటీలు కలిసి పెట్టుకున్న లీగ్ లాంటిది. ఈ రెండూ ఉన్నది బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌లో. పేరులో పది ఉన్నా 2024 నుంచి అందులో 18 యూనివర్సిటీలున్నాయి, పసిఫిక్ తీరం దాకా పాకింది.

టొలీడో కోసం కత్తులు నూరుకున్న రోజులు

ఈ పోటీ గురించి ఎవరు మొదలుపెట్టినా 1835 నాటి సరిహద్దు గొడవ దగ్గరే మొదలుపెడతారు. 1787 నాటి చట్టం ప్రకారం మిషిగన్ సరస్సు దక్షిణపు కొన నుంచి తూర్పుగా గీసిన గీత ఈ ప్రాంతానికి హద్దు. అయితే అప్పట్లో వాడిన పటంలో సరస్సు కొసను అసలు ఉన్న చోటు కంటే ఉత్తరంగా వేశారు. నిజంగా కొలిస్తే టొలీడో ఊరు, దాని నదీముఖం మిషిగన్ వైపు పోతాయి. ఒహాయో వాళ్లు ముందే అనుమానపడి, ఆ నదీముఖం తమదేనని తమ రాజ్యాంగంలో రాసుకున్నారు. ఇద్దరు సర్వేయర్లు రెండు గీతలు గీశారు. వాటి మధ్య మిగిలిన 468 చదరపు మైళ్ల పట్టీయే తగాదా. కాలువల వ్యాపారం ఊపందుకుంటున్న ఆ రోజుల్లో టొలీడో రేవు ఎవరి చేతిలో ఉంటే వాళ్లకు డబ్బు.

రెండు వైపులా మిలీషియాలు బయల్దేరాయి. ఒహాయో గవర్నర్ రాబర్ట్ లూకస్‌కు యాభై దాటాయి. మిషిగన్ తరఫున నిలబడ్డ స్టీవెన్స్ మేసన్‌కు పాతికేళ్లు కూడా లేవు. ఇంత హడావుడిలో చిందిన నెత్తురు ఒక్కచోటే. 1835 జులైలో టొలీడోలో ఒకతన్ని అరెస్టు చేయడానికి మిషిగన్ డిప్యూటీ షెరిఫ్ జోసెఫ్ వుడ్ వెళితే, టూ స్టిక్నీ అనేవాడు జేబులోని చిన్న చాకుతో పొడిచాడు. పేరు అచ్చుతప్పు కాదు. ఆ తండ్రి కొడుకులకు వన్, టూ అని పేర్లు పెట్టాడు. షెరిఫ్ బతికాడు.

1836 డిసెంబర్‌లో మిషిగన్ తలొగ్గింది. టొలీడో వదులుకుంది. బదులుగా ఉత్తరాన ఎగువ ద్వీపకల్పంలో పెద్ద భాగం తీసుకుంది, 1837 జనవరి 26న రాష్ట్రమైంది. పనికిరాని అడవి అంటగట్టారని అప్పుడు ఏడ్చారు. తర్వాత అక్కడ రాగి, ఇనుము దొరికాయి.

కథ బాగుంది. అయితే దీన్నుంచి ఫుట్‌బాల్ దాకా నిలువుగీత గీయడం కష్టం. తొలి మ్యాచ్ 1897లో జరిగింది, అంటే గొడవ ముగిసిన అరవై ఏళ్ల తర్వాత. ఆ మ్యాచ్‌లో మిషిగన్ 34-0తో గెలిచింది. ఆ తర్వాత కూడా గెలుస్తూనే పోయింది. మొదటి 15 మ్యాచ్‌లలో 13 మిషిగన్ గెలవగా 2 టై అయ్యాయి. ఒక్కళ్లే గెలుస్తుంటే పోటీ ఏముంటుంది? 1919లో చిక్ హార్లీ ఉన్న ఒహాయో స్టేట్ 13-3తో తొలిసారి గెలిచింది. హార్లీ ఆట చూడటానికి ఎగబడిన జనానికి పాత మైదానం చాలక, 1922లో గుర్రపు నాడా ఆకారంలో కొత్త స్టేడియం లేచింది. ఈ పోటీ నిజమైన పుట్టుక నా లెక్కలో అది.

టొలీడో గొడవ కంటే ఎక్కువ పనిచేసింది మనుషుల రాకపోకలు. ఒహాయో హైస్కూళ్లలో మంచి ఆటగాళ్లు దండిగా దొరుకుతారు. మిషిగన్ ఎప్పుడూ సరిహద్దు దాటి వచ్చి వాళ్లను పట్టుకుపోతుంటుంది. దేశంలో ఉత్తమ ఆటగాడికి ఇచ్చే హైస్‌మన్ ట్రోఫీని మిషిగన్ తరఫున 1991లో గెలిచిన డెస్మండ్ హవర్డ్‌ది క్లీవ్‌లాండ్, 1997లో గెలిచిన చార్ల్స్ వుడ్సన్‌ది ఫ్రీమాంట్. రెండూ ఒహాయో ఊళ్లే. మిషిగన్‌కు కోచ్‌గా ఉండి 2021 నుంచి వరుసగా ఒహాయో స్టేట్‌ను ఓడించిన జిమ్ హార్బా పుట్టింది ఎక్కడో కాదు, టొలీడోలోనే. కొలంబస్ వాళ్లకు మంట పుట్టించేది ఇదే: ఓడించేది పరాయివాడు కాదు, మన పక్కవీధి కుర్రాడే.

ఒక్కటే టికెట్ ఉన్న కాలం

ఇప్పుడు అసలు విషయం. 1940ల చివరి నుంచి 1975 దాకా బిగ్ టెన్ నియమం ఇదీ: సీజన్ ముగిశాక కాలిఫోర్నియాలో జరిగే రోజ్ బౌల్ మ్యాచ్‌కు ఒక్క జట్టే వెళ్తుంది. మిగతావాళ్లు ఎంత బాగా ఆడినా ఇంటికే. ఒహాయో - మిషిగన్ మ్యాచ్ 1935 నుంచి దాదాపు ఎప్పుడూ సీజన్ ఆఖర్లోనే ఉంటుంది. కాబట్టి ఏడాది కష్టమంతా చివరికి ఈ ఒక్క మ్యాచ్ మీద వచ్చి ఆగేది.

1950 నవంబర్ 25న కొలంబస్‌లో మంచు తుఫాను. ఎదుటి మనిషి కనిపించని వాతావరణంలో ఆట జరిపారు. మిషిగన్‌కు ఆట మొత్తంలో ఒక్క ఫస్ట్ డౌన్ కూడా రాలేదు. నాలుగు ప్రయత్నాలు పూర్తయ్యేదాకా ఆగకుండా బంతిని దూరంగా తన్నేసి, అవతలివాళ్లు తడబడతారేమో అని చూసింది. అలా 24 సార్లు తన్నింది. తడబడ్డారు కూడా. ఒహాయో తన్నబోయిన బంతులను రెండుసార్లు అడ్డుకుని ఒకసారి 2, మరోసారి 7 పాయింట్లు రాబట్టింది. 9-3. కనీసం 10 గజాలు వరుసగా ముందుకు పోలేని జట్టు రోజ్ బౌల్‌కు వెళ్లింది, అక్కడా గెలిచింది. ఒహాయో కోచ్ వెస్ ఫెస్లర్ రాజీనామా చేశాడు. ఆ కుర్చీలోకి వచ్చినవాడు వుడీ హేస్.

హేస్ శిష్యుడు బో షెంబెక్లర్. కాలేజీలో అతని దగ్గర ఆడాడు, తర్వాత అతని కిందే అసిస్టెంట్‌గా పనిచేశాడు. పుట్టుకతో ఒహాయో వాడే. 1969లో మిషిగన్ కోచ్‌గా వచ్చి, మొదటి ఏడాదే, వరుసగా 22 మ్యాచ్‌లు గెలిచి నంబర్ వన్‌గా ఉన్న గురువుగారి జట్టును 24-12తో పడగొట్టాడు. 1969 నుంచి 1978 దాకా జరిగిన పోరును పదేళ్ల యుద్ధం అంటారు. లెక్క: షెంబెక్లర్ 5, హేస్ 4, ఒకటి టై.

ఆ ఒక్క టై గురించి ఆగి చెప్పాలి, ఎందుకంటే నిబంధన మనుషుల్ని ఎలా నలిపేస్తుందో అక్కడ తెలుస్తుంది. 1973లో రెండు జట్లూ ఓటమి లేకుండా ఆన్ ఆర్బర్‌లో తలపడ్డాయి. సగం ఆటకు ఒహాయో 10-0. చివరి భాగంలో మిషిగన్ 10-10 చేసింది. ఆఖర్లో మిషిగన్ కొట్టిన రెండు ఫీల్డ్ గోల్‌లూ తప్పిపోయాయి. ఇద్దరూ సమానం, టికెట్ ఒకటే. కాన్ఫరెన్స్‌లోని పది యూనివర్సిటీల క్రీడా డైరెక్టర్లను మర్నాడు ఓటడిగారు. 6-4తో ఒహాయోకు పడింది. అదే రాష్ట్రంలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ ఓటు కూడా ఒహాయోకే పోయింది. ఆ మ్యాచ్‌లో మిషిగన్ క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపే ఆటగాడు) డెనిస్ ఫ్రాంక్లిన్ కాలర్ ఎముక విరగడం ఓటర్ల మనసులో పనిచేసిందని షెంబెక్లర్ నమ్మాడు. ఒహాయో వెళ్లి రోజ్ బౌల్ గెలిచింది కాబట్టి ఓటు తప్పు కాదనేవాళ్లూ ఉన్నారు. ఏమైనా 1972, 73, 74 సీజన్లు కలిపి 30 గెలుపులు, 2 ఓటములు, 1 టై ఉన్న మిషిగన్ ఆ మూడేళ్లలో ఒక్క బౌల్ మ్యాచ్ కూడా ఆడలేదు. 1975లో ఆ నియమం ఎత్తేశారు.

అదే ఓటమి, వేర్వేరు ఖరీదు

దేశ ఛాంపియన్‌ను తేల్చే పద్ధతి కూడా మారుతూ వచ్చింది. 1998 నుంచి 2013 సీజన్ దాకా ర్యాంకుల లెక్కతో రెండు జట్లను ఎంచి ఫైనల్ ఆడించారు. 2014 నుంచి నాలుగు జట్ల ప్లేఆఫ్. 2024 నుంచి 12 జట్ల ప్లేఆఫ్. ఈ మ్యాచ్‌లో ఓడితే ఏమవుతుందో ఒక్కో పద్ధతిలో చూద్దాం.

2006లో రెండూ 11 మ్యాచ్‌లూ గెలిచి, నంబర్ వన్, నంబర్ టూగా ఎదురుపడ్డాయి. ముందు రోజే షెంబెక్లర్ కన్నుమూశాడు. ఒహాయో 42-39తో గెలిచింది. ఏడాదంతా ఒక్కసారే, అదీ 3 పాయింట్లతో ఓడిన మిషిగన్‌కు ఫైనల్ దక్కలేదు, ఫ్లోరిడాను పిలిచారు. ఫ్లోరిడా ఫైనల్‌లో ఒహాయోను 41-14తో చిత్తు చేసింది.

నాలుగు జట్ల కాలానికి వద్దాం. 2021లో 42-27తో ఓడిన ఒహాయో స్టేట్ ప్లేఆఫ్‌కు దూరమైంది. 2023లో 30-24తో ఓడింది, ఆ సీజన్‌లో అప్పటికి అదొక్కటే ఓటమి, అయినా దూరమే. మధ్యలో 2022 మాత్రం వేరు. 45-23తో ఓడినా, మరో కాన్ఫరెన్స్ ఫైనల్‌లో యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) ఓడిపోవడంతో నాలుగో చోటు ఖాళీ అయి ఒహాయోకు దక్కింది. అంటే ఓడినవాడికి తలుపు మూసే ఉంటుంది, అదృష్టం ఉంటే కాస్త తెరుచుకుంటుంది.

2024లో 12 జట్లు. ఓడిన ఒహాయో స్టేట్ ఎనిమిదో స్థానంతో లోపలికి వచ్చింది. టెనెసీ, ఒరెగాన్, టెక్సస్, నోటర్ డామ్‌లను వరసగా ఓడించింది. 1973లో అయితే ఇలాంటి సీజన్ 13-10 దగ్గరే ముగిసిపోయేది.

విలువ తగ్గిందా, రూపం మారిందా

తగ్గింది అనేవాళ్ల వాదన తేలికగా కొట్టిపారేసేది కాదు. ఓడినా దారి తెరిచి ఉన్నప్పుడు కత్తి అంచున నడిచే ఆ టెన్షన్ ఎక్కడిది అని వాళ్లు అడుగుతారు. 2024 నుంచి బిగ్ టెన్‌లో డివిజన్లు, అంటే జట్లను విడగొట్టే గ్రూపులు, కూడా లేవు కాబట్టి, ఈ శనివారం తలపడ్డ జట్లే వారం తిరక్కుండా కాన్ఫరెన్స్ ఫైనల్‌లో మళ్లీ తలపడే అవకాశముంది. ప్లేఆఫ్‌లో మూడోసారి కూడా. మూడుసార్లు ఆడితే మొదటిదానికి ఏం గౌరవం?

అవతలివాళ్లు మనుషుల్ని చూపిస్తారు. జాన్ కూపర్ 1988 నుంచి 2000 దాకా ఒహాయో స్టేట్‌కు కోచ్. 111 గెలుపులు. మిషిగన్ మీద మాత్రం 2 గెలుపులు, 10 ఓటములు, 1 టై. 1993, 1995, 1996లలో ఓటమి లేకుండా వచ్చి మిషిగన్ చేతిలోనే దెబ్బతిన్నాడు. 2001 జనవరిలో పంపించేశారు. అతని తర్వాత వచ్చిన జిమ్ ట్రెసెల్ నియామకమైన రోజునే, ఆన్ ఆర్బర్‌లో ఆడబోయే మ్యాచ్ ఇంకా 310 రోజుల్లో ఉందని జనానికి గుర్తుచేశాడు. ఫలానా ట్రోఫీ తెస్తానని చెప్పలేదు. రయన్ డేను కాపాడింది జాతీయ టైటిల్. ఆ తర్వాత అతని ఒప్పందాన్ని ఏడాదికి 1.25 కోట్ల డాలర్లకు పెంచారు కూడా. అయినా వరుసగా నాలుగు ఓటముల లెక్క అతన్ని వదల్లేదు. టికెట్ ఇచ్చే విలువ ఒకటి, మనసులో ఉన్న విలువ ఒకటి. మొదటిది తగ్గినా రెండోది నిలిచిందని వీళ్ల మాట. 2024 డిసెంబర్‌లో ఒహాయో శాసనసభ్యుడొకరు కొలంబస్ మైదానంలో జెండా పాతడాన్ని నేరంగా చేయాలని ఏకంగా బిల్లే పెట్టాడు.

ఆ మనసులోని విలువకు ఆనవాళ్లు కావాలంటే మ్యాచ్ వారంలో కొలంబస్ క్యాంపస్‌కు వెళ్లాలి. బోర్డు మీద ఇంగ్లిష్ ‘ఎం’ అక్షరం కనిపిస్తే చాలు, దాని మీద ఎర్ర టేపుతో ఇంటూ గుర్తు అంటిస్తారు. మిషిగన్‌ను ఓడించిన ఒహాయో ఆటగాడికి చిన్న బంగారు ప్యాంటు ఆకారంలో ఉండే లాకెట్ ఇస్తారు. 1934లో కోచ్ ఫ్రాన్సిస్ ష్మిట్, వాళ్లూ మనలాగే ప్యాంటులో ఒక్కో కాలే దూర్చుకుంటారు అని కుర్రాళ్లకు ధైర్యం చెప్పాడు, ఆ ఏడాది 34-0తో గెలిచారు. ఆ ఆచారం ఇప్పటికీ ఉంది. ఇదే వైరంతో రెండు యూనివర్సిటీలు 1982 నుంచి ఏటా ఎవరు ఎక్కువ రక్తం సేకరిస్తారని కూడా పోటీ పడుతున్నాయి. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చిన పోటీ అదే.

డబ్బు సంగతి కూడా ఆ లాకెట్ దగ్గరే తెలుస్తుంది. 2010లో కొందరు ఒహాయో ఆటగాళ్లు తమ బంగారు ప్యాంట్లు, ఉంగరాలు, సామగ్రి అమ్ముకుని, వాటికి బదులుగా డబ్బో టాటూలో తీసుకున్నట్టు బయటపడింది. ఆటగాళ్లు దేనికీ డబ్బు తీసుకోకూడదని అప్పటి నియమం. విషయం ముందే తెలిసీ దాచిన ట్రెసెల్ 2011లో రాజీనామా చేశాడు. 2010 సీజన్ గెలుపులన్నీ రద్దయ్యాయి, మిషిగన్ మీద 37-7తో గెలిచిన మ్యాచ్‌తో సహా. అధికారిక లెక్క 2025 తర్వాత మిషిగన్ 62, ఒహాయో స్టేట్ 52, టై 6. ఆ రద్దయిన గెలుపు కలుపుకుని ఒహాయో వాళ్లు 53 అంటారు. ఇద్దరి అంకెలూ ఎందుకు కలవవో చాలామందికి అర్థం కాకపోవడానికి కారణం ఇది. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటోల మీద సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో యూనివర్సిటీలే తమ క్రీడాకారులందరికీ కలిపి ఏడాదికి సుమారు 2 కోట్ల డాలర్ల దాకా నేరుగా చెల్లించవచ్చు. లాకెట్ అమ్ముకున్నందుకు శిక్షపడిన కుర్రాళ్లు పదిహేనేళ్లు ఆలస్యంగా పుట్టి ఉంటే ఆ అవసరమే వచ్చేది కాదు.

మిషిగన్ వైపూ మచ్చ ఉంది. ప్రత్యర్థి కోచ్‌లు తమ ఆటగాళ్లకు చేసే సైగలను ముందే వాళ్ల మ్యాచ్‌లకు మనుషుల్ని పంపి వీడియో తీయించి దొంగిలించారనే ఆరోపణపై 2023లో బిగ్ టెన్ హార్బాను చివరి మూడు మ్యాచ్‌లకు పక్కనపెట్టింది. అందులో ఒహాయో మ్యాచ్ కూడా ఉంది. 2025 ఆగస్టులో కాలేజీ క్రీడల జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ భారీ జరిమానాలు వేసింది, అయితే గెలుపులు రద్దు చేయలేదు. 2021-23 విజయాల్లో ఆ సైగల పాత్ర ఎంత అన్నది ఒహాయో వాళ్లు పట్టుకునే వాదన. ఆ ఏర్పాటు బయటపడ్డాక కూడా 2023లోనూ, 2024లోనూ గెలిచాం కదా అన్నది మిషిగన్ వాళ్ల జవాబు. రెండో మాటలో బలం ఎక్కువ ఉందనిపిస్తుంది. అయితే దానివల్ల మొదటి తప్పు తప్పు కాకుండా పోదు.

2025లో ఎవరికి ఏం పోయింది

2025 నవంబర్ 29న ఆన్ ఆర్బర్‌లో ఒహాయో స్టేట్ 27-9తో గెలిచి నాలుగేళ్ల వరుసకు తెర వేసింది. కొత్త పద్ధతి పనితీరు ఈ మ్యాచ్‌లో ఇంకో వైపు నుంచి కనిపిస్తుంది. ఒహాయో స్టేట్ 11 మ్యాచ్‌లూ గెలిచి నంబర్ వన్‌గా వచ్చింది. ఆ రోజు ఓడినా ప్లేఆఫ్‌లో చోటు పోయేది కాదు. మిషిగన్ 9 గెలిచి 2 ఓడి వచ్చింది. గెలిస్తే ప్లేఆఫ్ ఆశ బతికి ఉండేది, ఓడి మూడో ఓటమి మూటగట్టుకుని బయటికి పోయింది. నాలుగు జట్ల కాలంలో అయితే రెండు ఓటములున్న జట్టుకు ఆ ఆశే ఉండేది కాదు. పూర్వం ఈ మ్యాచ్ బరువంతా శిఖరాన ఉన్న జట్టు మీద పడేది. ఇప్పుడు గుమ్మం దగ్గర నిలబడ్డ జట్టు మీదికి జరిగింది. ప్లేఆఫ్‌ను 12 నుంచి ఇంకా పెంచాలన్న చర్చ నడుస్తోంది. పెంచితే ఆ గుమ్మం మరింత కిందికి దిగుతుంది, అప్పుడు మూడు ఓటములున్న జట్టు కూడా ఈ మ్యాచ్‌కు ఆశతో రావచ్చు. ఎవరు ఎవరితో ఏటా తప్పక ఆడాలో బిగ్ టెన్ రాసుకున్న జాబితాలో మాత్రం ఈ జంట పేరు పదిలంగా ఉంది, 2026లో మ్యాచ్ కొలంబస్‌లో.